షెడ్డులో దొరికిన ఒరిజినల్ బీటిల్: రంగు వేయించే ముందు ఇది చదవండి

మీ మేనమామగారి షెడ్డులో 1964 మోడల్ వోక్స్‌వాగన్ బీటిల్ ఏళ్ళ తరబడి కదలకుండా ఉండిపోయిందని, కంపెనీ వేసిన లేత నీలం రంగే ఇంకా ఉందని, సీట్లూ రబ్బరు మ్యాట్లూ అన్నీ అప్పటివేనని రాశారు. స్నేహితుల్లో కొందరు మొత్తం విప్పేసి కొత్తగా రంగు వేయించమంటున్నారు, ఇంకొందరు బండిని కిందికి దించి, వెడల్పు చక్రాలు వేసి, పెద్ద ఇంజన్ పెట్టమంటున్నారు, మీకేమో ఏదీ తేలడం లేదు. సూటిగా చెప్పేస్తాను. ఒక ఏడాది పాటు ఆ బండిలో వెనక్కి తీసుకోలేని పని ఏదీ చెయ్యకండి. బ్రేకులు, పెట్రోల్ పైపులు, టైర్లు, వైరింగు బాగు చేయించుకోండి, కడగండి, నడపండి. మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచిద్దురుగాని.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, రీస్టోర్ చేసిన (అంటే మొత్తం విప్పి కొత్తదానిలా తయారు చేసిన) బీటిల్ మీకు ఎప్పుడు కావాలన్నా దొరుకుతుంది, మాడిఫై చేసినదీ దొరుకుతుంది, మీ బండినే ఆ రెండిట్లో దేనిగానైనా రేపైనా ఎల్లుండైనా మార్చుకోవచ్చు. కానీ మార్చినదాన్ని మళ్ళీ ముట్టుకోని బండిగా చెయ్యడం ఎవరి వల్లా కాదు. "బీటిల్ అంత అరుదైన కారేం కాదుగా, 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారయ్యాయి, 2003 దాకా మెక్సికోలో వస్తూనే ఉన్నాయి" అని మీ స్నేహితుడు అన్నది నిజమే. అయితే చవకగా, విరివిగా దొరికే కారు కాబట్టే జనం వాటిని దాచుకోలేదు. వాడారు, గుద్దారు, చేతిలో ఉన్న రంగేదో పూశారు, పాడైన భాగం తీసేసి దొరికిన భాగం వేశారు. ఖరీదైన కార్లను మొదటి నుంచీ జాగ్రత్త చేసినవాళ్ళున్నారు. మామూలు కార్లలో అరవై ఏళ్ళు దాటి ఫ్యాక్టరీ రంగుతో, ఫ్యాక్టరీ సీట్లతో మిగిలినవి అందుకే తక్కువ. మీకు దొరికింది అలాంటిది.

అలాంటిదేనా అన్నది మాత్రం ముందు తేల్చుకోవాలి. "ఒరిజినల్" అన్న మాటను పాత బండ్ల విషయంలో అందరూ ధారాళంగా వాడేస్తారు. పెయింట్ మందం కొలిచే చిన్న మీటరు ఒకటి అద్దెకో అరువుకో తెచ్చుకుని ప్రతి ప్యానెల్ మీదా నాలుగైదు చోట్ల పెట్టి చూడండి. ఫ్యాక్టరీ పెయింట్ అయితే మామూలుగా 100 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాస్త అటూ ఇటూ చూపిస్తుంది. 300 దాటిందంటే పైన ఇంకోసారి రంగు పడినట్టే, 1000 దాటితే కింద పుట్టీ ఉందన్నమాట. ఒక్క ఫెండర్ (చక్రం మీది రేకు) మీద ఎక్కువ వచ్చిందని దిగులు పడకండి, బీటిల్ ఫెండర్లు బోల్టులతో బిగించేవి, ఎప్పుడో తగిలితే మార్చి ఉంటారు. పైకప్పు, తలుపులు, బానెట్ సరిగ్గా ఉంటే చాలు. తర్వాత వెనక సీటు ఎత్తి, నేల మధ్యలో పొడుగునా ఉబ్బెత్తుగా ఉండే సొరంగం మీద కొట్టిన చాసిస్ నంబర్ చూడండి, ఇంజన్ నంబర్ డైనమో కూర్చునే స్టాండు కింద ఉంటుంది. ఈ రెండూ పెట్టి అడిగితే జర్మనీలో వోల్ఫ్స్‌బుర్గ్‌లోని వోక్స్‌వాగన్ ఆటోమ్యూజియం వాళ్ళు జనన ధ్రువపత్రం లాంటిది ఇస్తారు. బండి ఏ తేదీన తయారైంది, ఏ రంగు, లోపలి బట్ట ఏమిటి, ఏ దేశానికి పంపారు అన్నవి అందులో ఉంటాయి. అది చేతికొస్తే మీ స్నేహితులతో వాదన సగం తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, రంగు వేయిస్తే నిజానికి ఏం పోతుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది పోయేది పాత రంగు ఒక్కటే అనుకుంటారు. నేను ఒక వర్క్‌షాప్‌లో మీ బండి లాంటిదే ఒకదాన్ని విప్పుతుండగా చూశాను. డాష్‌బోర్డు వెనక రేకు మీద మైనపు పెన్సిలుతో ఎవరో గబగబా గీసిన అంకె ఒకటి ఉంది, ఫ్యాక్టరీలో లైను మీద నిలబడి తనిఖీ చేసిన మనిషి చేతిరాత. కింద సస్పెన్షన్ బోల్టుల తలల మీద పసుపు చుక్కలున్నాయి, బిగించాక "ఇది చూశాను" అని పెట్టే గుర్తు. స్పీడోమీటర్ వెనక తేదీ ముద్ర, చక్రాల రిమ్ముల మీద తేదీ ముద్ర, తలుపు అంచున సర్వీసు చేసినప్పుడు అంటించిన కాగితం ముక్క. వారం తర్వాత అదే బండిని ఇసుకతో బ్లాస్ట్ చేసి, రేకు తెల్లగా మెరిసేలా తెచ్చారు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఆ బండిని ఎవరు ఎలా తయారు చేశారన్న ఆధారం ఒక్కటి కూడా మిగల్లేదు. రేపు ఇంకొకరు తమ బీటిల్‌ను సరిగ్గా రీస్టోర్ చేద్దామనుకుంటే, బోల్టుకి ఏ పూత ఉండేది, వైరు ఎటు నుంచి ఎటు వెళ్ళేది, అండర్‌కోట్ (బండి అడుగున కొట్టే పూత) ఎంత దాకా కొట్టేవారు అన్నది చూసి నేర్చుకోవడానికి ఉండేవి మీ బండిలాంటివే. అందుకే ఏ పని మొదలుపెట్టే ముందైనా వందల కొద్దీ ఫొటోలు తీయండి. విప్పిన ప్రతి నట్టూ ప్రతి క్లిప్పూ ప్లాస్టిక్ సంచిలో వేసి, ఎక్కడిదో రాసి పెట్టండి. పగిలిపోయిన భాగం కూడా పారేయకండి. టూల్‌కిట్, జాకీ, హబ్‌క్యాప్ ఊడదీసే వైరు కొక్కెం, తాళంచెవులు, సర్వీసు పుస్తకం, పాత రసీదులు షెడ్డులో ఏ మూలనైనా పడి ఉండొచ్చు, షెడ్డు మొత్తం వెతకండి.

ఇక బండిని లేపడం. బ్యాటరీ పెట్టి స్టార్టర్ నొక్కి చూద్దామన్న తొందర అందరికీ ఉంటుంది, దయచేసి ఆ పని చెయ్యకండి. ముందు నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల పల్చటి ఆయిల్ పోయండి. బీటిల్ ఇంజన్‌లో సిలిండర్లు పడుకుని ఉంటాయి, కాబట్టి పోసిన ఆయిల్ కింది వైపే చేరి పై వైపు రింగులకు అందదు, రెండు మూడు రోజుల్లో ఇంకో రెండుసార్లు పోసి ఓపిక పట్టాలి. తర్వాత డైనమో పుల్లీ నట్టుకి 21 ఎంఎం స్పానర్ వేసి చేత్తో మెల్లగా అటూ ఇటూ కదిలించండి. కదిలితే సంతోషం. కదలకపోతే బలం పెట్టకండి, మళ్ళీ ఆయిల్, మళ్ళీ ఓపిక. అది తిరగడం మొదలుపెట్టాక పాత ఆయిల్ దించి (రెండున్నర లీటర్లే పడుతుంది), కింద జల్లెడ ప్లేటు విప్పి అడుగున మెరిసే లోహపు రజను ఉందేమో చూడండి. ఇంకొకటి, ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు డబ్బాలోకి టార్చి వేసి చూడండి. ఏళ్ళ తరబడి నిలబడిన బీటిల్‌లో ఎలుకలు గూడు పెట్టే చోటు అదే. గాలితో చల్లబడే ఇంజన్ కదా, ఆ గూడు అలాగే ఉండగా స్టార్ట్ చేస్తే గాలి అందని సిలిండర్ కాసేపట్లోనే పట్టేస్తుంది. అన్నీ చూశాక ప్లగ్గులు లేకుండానే స్టార్టర్‌తో తిప్పి, ఆయిల్ లైటు ఆరిపోయాకే ప్లగ్గులు బిగించండి. మొదటిసారి పెట్రోల్ బయట చిన్న డబ్బా నుంచి ఇవ్వండి, ట్యాంకులోది కాదు. ఆ ట్యాంకులో అడుగున ఇప్పుడు ఉన్నది జిగురు. లెడ్ లేని పెట్రోల్‌తో వాల్వులు పోతాయేమోనన్న టెన్షన్ ఈ ఇంజన్‌కి అక్కర్లేదు, అల్యూమినియం హెడ్‌లో వాల్వ్ సీట్లు విడిగా గట్టి లోహంతో వేసినవే.

బ్రేకుల దగ్గర మాత్రం ఒరిజినాలిటీ మాట ఎత్తొద్దు. 1964 బీటిల్‌కి నాలుగూ డ్రమ్ములే, పైగా సింగిల్ సర్క్యూట్, అంటే ఎక్కడైనా ఒక్క పైపు పగిలితే పెడల్ నేలకు తగులుతుంది, నాలుగు చక్రాల్లో ఒక్కదానికీ బ్రేకు ఉండదు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, ఇన్నేళ్ళు నిలబడ్డాక వీల్ సిలిండర్ల లోపల తుప్పు గుంటలు పడి ఉంటాయి, పైకి మాత్రం శుభ్రంగా కనిపిస్తాయి. రబ్బరు హోస్‌లైతే ఇంకా మోసం: లోపల ఉబ్బి రంధ్రం మూసుకుపోతుంది, కాలితో నొక్కితే ఆయిల్ పోతుంది గానీ వదిలితే వెనక్కి రాదు, చక్రం పట్టుకునే ఉంటుంది. మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకు తోసేది), వీల్ సిలిండర్లు, హోస్‌లు, ఇనప పైపులు అన్నీ కొత్తవి వేయండి, పాతవి తుడిచి డబ్బాలో పెట్టండి. తర్వాతి మోడళ్ళలో వచ్చిన డ్యూయల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్ దీనికి అమర్చుకోవచ్చు, కొత్త పైపులూ రిజర్వాయరూ కావాలి, అంతకు మించి బాడీకి కోత పెట్టాల్సిన పని లేదు. ఆ ఒక్క మార్పు నేను ఎవరికైనా నిస్సంకోచంగా చెయ్యమంటాను. పాత బ్రేక్ షూల మీద ఉన్నది ఆస్బెస్టాస్ అయి ఉంటుంది, డ్రమ్ము విప్పాక గాలి కొట్టి దుమ్ము లేపకండి, తడి గుడ్డతో తుడవండి.

అంతే పట్టుదలగా చెప్పాల్సింది మంటల గురించి. బీటిళ్ళు తగలబడటం కొత్తేం కాదు, కారణాలు కూడా కొత్తవి కావు. ఇంజన్ మీద పెట్రోల్ హోస్, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి దగ్గరగా వెళ్తుంది. పైన అల్లిన నూలు బాగానే కనిపిస్తుంటే లోపలి రబ్బరు పెళుసై ఉంటుంది, ఎథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోల్ తగిలితే ఇంకా తొందరగా చీలుతుంది. ఎథనాల్‌ని తట్టుకునే హోస్ కొనండి, రెండు చివర్లా క్లిప్పులు వేయండి. కార్బొరేటర్‌లోకి పెట్రోల్ వెళ్ళే ఇత్తడి గొట్టం కేవలం బిగువుతో నిలబడేది, చేత్తో పట్టుకుని కదిపి చూడండి, కదిలితే బాగు చేయించకుండా బండి తీయొద్దు. రెండో కారణం ఎవరూ ఊహించనిది. బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది, దాని మీద మూత పోతే, ఎవరైనా బరువైన మనిషి కూర్చున్నప్పుడు సీటు స్ప్రింగులు వంగి బ్యాటరీ టెర్మినళ్ళను తాకుతాయి. ఆ స్ప్రింగుల పైన ఉండేది కొబ్బరిపీచు మెత్త. మిగతాది మీరే ఊహించుకోండి. మూత లేకపోతే ఈ రోజే ఒకటి తెచ్చి వేయండి, మంటలార్పే చిన్న సిలిండర్ ఒకటి ముందు సీటు దగ్గర పెట్టుకోండి.

టైర్లు ఎంత నల్లగా, గాడులతో నిండుగా ఉన్నా నమ్మొద్దు. పాత వాటిని షెడ్డులో దాచి, 155 ఆర్ 15 సైజు రేడియళ్ళు ట్యూబుతో వేసుకోండి, ఒరిజినల్ రిమ్ములకి ట్యూబే సరైనది.

మీ బండికి ఉండే 6 వోల్టుల కరెంటు గురించి అందరూ భయపెడతారు, "హెడ్‌లైట్లు దీపం బుడ్డీల్లా ఉంటాయి, పొద్దున్నే స్టార్ట్ కాదు, ముందు 12 వోల్టులకు మార్చెయ్యి" అని. నేను చూసిన 6 వోల్టుల బండ్లలో ఎక్కువ వాటి జబ్బు ఒకటే, తుప్పు పట్టిన ఎర్త్‌లు, ఎవరో తర్వాత వేసిన సన్నటి బ్యాటరీ కేబుల్. వోల్టేజీ సగం కాబట్టి అదే పనికి కరెంటు రెట్టింపు కావాలి, కేబుల్ లావుగా ఉండాలి. లావు కేబుల్ వేసి, ఎర్త్ బిగించే చోటల్లా రేకు మెరిసేదాకా రుద్ది, ఫ్యూజు బాక్సు శుభ్రం చేస్తే ఆ బండ్లు చక్కగా స్టార్టవుతాయి. అప్పటికీ 12 వోల్టులే కావాలంటే ఒక సంగతి తెలుసుకుని దిగండి. ఇంజన్ చివర స్టార్టర్ తిప్పే పళ్ళ చక్రమే ఫ్లైవీల్. 6 వోల్టుల ఫ్లైవీల్‌కి 109 పళ్ళు, 12 వోల్టుల దానికి 130. పెద్ద ఫ్లైవీల్ పట్టాలంటే గేర్‌బాక్సుకి ఉండే గంట ఆకారపు తొడుగు (బెల్ హౌసింగ్) లోపలి వైపు గ్రైండర్‌తో కొంత కొట్టెయ్యాలి. మెకానిక్ దాన్ని చిన్న పనిగానే చెప్తాడు, పది నిమిషాల పనే కూడా, కానీ కొట్టేసిన లోహం మళ్ళీ అతకదు. బల్బులూ బ్యాటరీ మార్చడం ఒక రకం, ఇది వేరే రకం. ప్రతి పనిలోనూ మీరు వెయ్యాల్సిన ప్రశ్న అదే: రేపు వద్దనుకుంటే మళ్ళీ పాత భాగం బిగించగలనా? స్పార్క్ వచ్చేలా కరెంటును తెంచే పాయింట్లు తీసి డిస్ట్రిబ్యూటర్ మూత కిందే దాగిపోయే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకుంటారా, నిక్షేపంగా పెట్టుకోండి, అరగంటలో మళ్ళీ పాయింట్లు వేసుకోవచ్చు. సీటు బెల్టులు కావాలంటే (తప్పకుండా కావాలి) తలుపు పక్క స్తంభం మీదా, కింద సొరంగం పక్కనా బోల్టు పట్టే మరల చోట్లు ప్లాస్టిక్ మూత కింద ఉన్నాయేమో చూసుకుని అప్పుడు డ్రిల్లు సంగతి ఆలోచించండి.

రంగు దగ్గరికి వద్దాం, మీ అసలు బాధ అదే అనిపించింది. "సున్నం కొట్టినట్టు తెల్లబారిపోయింది, ముట్టుకుంటే చేతికి అంటుతోంది" అని రాశారు. అది చాలా మంచి వార్తండీ. అప్పటి రంగు మీద ఇప్పటి కార్లలో ఉండే క్లియర్ కోట్ ఉండదు, రంగు పొర ఒక్కటే, ఎండకీ గాలికీ దాని పై భాగం మాత్రం చచ్చి పొడిలా అవుతుంది. ముందు బోలెడన్ని నీళ్ళతో, మెత్తటి సబ్బుతో, రుద్దకుండా దుమ్మంతా జారిపోయేలా కడగండి. తర్వాత బానెట్ అంచున ఎవరికీ కనిపించని చోట బొటనవేలంత జాగా ఎంచుకుని, చాలా సన్నటి పాలిష్ కొంచెం మెత్తటి గుడ్డకి తీసుకుని చేత్తో గుండ్రంగా రుద్దండి. గుడ్డ నీలంగా అవుతుంది, కంగారు పడొద్దు, ఊడేది చచ్చిన పొర. దాని కింద నుంచి 1964 నాటి నీలం బయటికి వస్తుంది, తడిగా ఉన్నట్టు, లోతుగా. ఆ ఒక్క మచ్చ చూశాక రంగు వేయించాలన్న ఆలోచన మానుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. అయితే మెషీన్ పాలిషర్ జోలికి వెళ్ళకండి. అంచుల దగ్గర, మడతల దగ్గర పొర పల్చగా ఉంటుంది, ఒక్క సెకను ఎక్కువ నిలిపితే ప్రైమర్ తేలుతుంది. పూర్తి మెరుపు రావాలని పట్టుబట్టొద్దు, మీరు తీసే ప్రతి మైక్రానూ ఆ బండి దగ్గరున్న కొద్దిపాటి ఆస్తి లోంచి పోతుంది. ముప్పావు వంతు మెరుపు దగ్గర ఆగిపోయి మైనం పూసెయ్యండి. రాయి తగిలి ఊడిన చోట్లు, తలుపు పిడి దగ్గర గోళ్ళ గీతలు, వెనక ఫెండర్ మీద చిన్న సొట్ట, అన్నీ ఉండనివ్వండి.

ఇలా చెప్తున్నానని తుప్పును కూడా దాచుకోమంటున్నానని అనుకోవద్దు. పాత బండిని కాపాడేవాళ్ళలో కొందరు ఈ రెండో తప్పు చేస్తారు, పెచ్చులూడి రంధ్రాలు పడ్డ రేకును "అందమైన పాతదనం" అని వదిలేస్తారు, బండి నెమ్మదిగా నేలలో కలుస్తుంటే చూస్తూ కూర్చుంటారు. రంగు మీద పలచటి తుప్పు మరక వేరు, బండి బరువు మోసే చోట తిన్న తుప్పు వేరు. బీటిల్‌లో చూడాల్సిన చోట్లు తెలిసినవే: తలుపుల కింద పొడుగునా ఉండే హీటర్ చానళ్ళు, బ్యాటరీ కింద నేల రేకు, జాకీ పెట్టే చోట్లు, ముందు బీమ్ (ముందు చక్రాల సస్పెన్షన్‌ని మోసే అడ్డ భాగం) బిగించే ఫ్రేమ్ తల. హీటర్ చానల్ పేరుకి వేడిగాలి పైపే గానీ బాడీకి వెన్నెముక అదే. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి, ఖంగుమంటే మంచిది, దబ్‌దబ్‌మంటే లోపల పోయింది. పోయినచోట కోసి కొత్త రేకు వెల్డింగ్ చెయ్యాల్సిందే, అందులో రాజీ లేదు, లోపల మనుషులు కూర్చుంటారు. కోసేది మాత్రం పోయినంత మేరకే. మెకానిక్‌కి మొత్తం చానల్ మార్చడమే తేలిక, మీరు దగ్గరుండి గీత గీసి చూపించండి. తుప్పు ఇంకా మొదట్లో ఉన్న చోట వదులు పొర బ్రష్‌తో దులిపి, బోలు భాగాల్లోకి సన్న గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (తుప్పును అడ్డుకునే మైనం) కొట్టించండి. తారులాంటి నల్లటి అండర్‌కోట్ మాత్రం తుప్పు మీద వేయించొద్దు, కింద తేమను బంధించి లోపల్లోపలే తినేస్తుంది, పైకి మీకు ఏమీ తెలియదు.

"ఇదంతా నీ సొంత పిచ్చి" అని ఎవరైనా అంటే, ఈ ఆలోచన నాది కాదు. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా, టూరిన్ చార్టర్ అని ఒక పత్రం ఆమోదించింది. పురాతన కట్టడాల కోసం 1964లో రాసుకున్న వెనిస్ చార్టర్ నుంచి దాని స్ఫూర్తి వచ్చింది. ఉన్నదాన్ని వీలైనంత ముట్టుకోకుండా కాపాడు, చేసిన ప్రతి పనీ రాసి పెట్టు, కొత్తగా వేసింది తర్వాత తీయగలిగేలా వెయ్యి, దాని సారం అంతే. అమెరికాలో 1950 నుంచి జరుగుతున్న పెబుల్ బీచ్ పాత కార్ల పోటీలో ఏళ్ళ తరబడి అద్దంలా మెరిసే రీస్టోర్ చేసిన కార్లే మొదటి బహుమతి పట్టుకుపోయేవి. 2024లో మొట్టమొదటిసారి రీస్టోర్ చెయ్యని కారు, 1934 నాటి బుగాటి టైప్ 59, దాన్ని గెలిచింది. ఆ కారు కథలో ఇంకో ముక్క ఉంది, మీకు పనికొచ్చేది. అది గ్రాండ్ ప్రీ రేసు కారుగా పుట్టింది, తర్వాత ఫ్యాక్టరీయే దాన్ని స్పోర్ట్స్ కారుగా మార్చింది, ఆ తర్వాత బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ కొని నల్లరంగు వేయించి పసుపు చార పెట్టించాడు. ఇప్పుడు జనం కళ్ళప్పగించి చూసేది ఆ నలుపునీ ఆ చారనీ, పగుళ్ళతో సహా. అంటే దాని జీవితంలో జరిగిన మార్పు కూడా దాని చరిత్రే. మీ మేనమామగారు ఎప్పుడో పైకప్పు మీద బిగించిన లగేజీ కడ్డీలు గానీ, అద్దం మూలన అంటించిన స్టిక్కర్ గానీ ఉంటే, అవి కంపెనీవి కావని పీకేయకండి.

మరి మాడిఫై చేసేవాళ్ళంతా తప్పు చేస్తున్నారా? అస్సలు కాదు. బీటిల్‌ని మార్చుకోవడం బీటిల్ అంత పాత ముచ్చట. 1970ల్లో కాలిఫోర్నియా కుర్రాళ్ళు ముందు భాగం దించి, బంపర్లు తీసేసి, ఇంజన్లు పెంచి తయారు చేసిన బండ్లు ఇప్పుడు వాటికవే కాపాడాల్సిన వస్తువులయ్యాయి, వాటిని ఎవరైనా తిరిగి కంపెనీ ఇచ్చినట్టుగా మారుస్తానంటే నేనే అడ్డం పడతాను. మంచి మాడిఫికేషన్‌కి కావాల్సిన నైపుణ్యం రీస్టోరేషన్‌కి ఏమాత్రం తీసిపోదు. నా గొడవంతా ఏ బండిని పట్టుకుని చేస్తున్నారన్నదాని గురించే. మీ బండి మీదే చెయ్యాలని మీకు మరీ ఉంటే, చేసే దారులున్నాయి. ముందు భాగం దించాలంటే ఉన్న బీమ్‌ని కోసి వెల్డింగ్ చెయ్యక్కర్లేదు, తుక్కులో ఇంకో బీమ్ కొని దాన్ని కోయించుకోండి. ఫ్రేమ్ తలకి అది పట్టేది నాలుగు పెద్ద బోల్టులతో, మీ అసలు బీమ్ గ్రీజు పూసి అటక మీద పెట్టుకోవచ్చు. పెద్ద ఇంజన్ కావాలంటే 1192 సీసీ అసలు ఇంజన్‌ని ముట్టుకోకుండా ఇంకో ఇంజన్ కట్టించండి, బీటిల్ ఇంజన్ దించడం ఎక్కించడం ఇద్దరు మనుషులు ఒక పూటలో చేసే పని. కానీ 34 హార్స్‌పవర్ కోసం చేసిన డ్రమ్ములతో రెండింతల ఇంజన్ నడపకండి, ఒక మార్పు ఇంకో నాలుగు మార్పుల్ని వెంటబెట్టుకొస్తుంది, అక్కడే చాలామంది అదుపు తప్పుతారు. బ్యాటరీ బండిగా మార్చడం గురించి కూడా అడిగారు కదా. 2019లో వోక్స్‌వాగనే ఒక భాగస్వామి కంపెనీతో కలిసి బీటిల్‌ని ఎలక్ట్రిక్‌గా మార్చి చూపించింది, మోటార్ పాత గేర్‌బాక్సుకి బోల్టులతో పట్టే కిట్లు కూడా ఉన్నాయి. అయితే బ్యాటరీల బరువు కోసం నేల రేకు కోస్తామంటే వద్దనండి. దాంతో వచ్చేది మంచి బండే అయినా, అలా ఎలక్ట్రిక్‌గా మార్చిన బీటిల్‌ని ఫీవా చారిత్రక వాహనంగా లెక్కపెట్టదు.

అన్నిటికంటే నాకు నచ్చే దారి ఇంకొకటుంది. మీకు నిజంగా కావాల్సింది దించిన, వేగంగా పోయే, మెరిసే బీటిల్ అయితే, ఇప్పటికే రెండు మూడుసార్లు రంగు పడి, ఇంజన్ మారి, లోపలంతా పోయిన ఇంకో బీటిల్ కొనండి. అలాంటివి బోలెడు. అందులో మీరు ఏం కోసినా ఎవరికీ నష్టం లేదు, పైగా చేతికొచ్చినట్టు పని చేసుకునే స్వేచ్ఛ ఉంటుంది, గీత పడుతుందేమోనన్న భయం ఉండదు. రెండు బండ్లకి చోటు లేకపోతే, మీ దాన్ని అలాగే ఉంచుకునే మనిషికి అమ్మి, ఆ డబ్బుతో మీకు కావాల్సింది కొనుక్కోండి. ముట్టుకోని బండ్ల కోసం వెతికేవాళ్ళున్నారు, మంచి ధరే వస్తుంది. మేనమామగారి బండి అమ్మడానికి మనసొప్పదంటారా, అప్పుడు ఒక్కటి ఆలోచించండి. ఆయన కూర్చుని కూర్చుని అణిగిన సీటు, ఆయన కాలు అరగదీసిన పెడల్ రబ్బరు, ఆయన ఉంగరం గీరిన స్టీరింగు చక్రం, ఇవన్నీ మార్చేశాక ఆ బండిలో ఆయనది ఏం మిగులుతుంది? రీస్టోర్ చేయించినవాళ్ళలో చాలామందికి ఈ సంగతి పని పూర్తయ్యాకే తట్టింది. వాళ్ళు బాధపడటం చూశాను కాబట్టి ముందే చెప్తున్నాను.

ఇప్పటికి చెయ్యాల్సింది: బండిని ఎండా వానా తగలని, గాలి ఆడే చోట పెట్టండి, ప్లాస్టిక్ కవరు కప్పొద్దు, చెమ్మ పడుతుంది, నూలు దుప్పటి చాలు. వెనక సీటు ఎత్తి బ్యాటరీ చుట్టూ ఉన్న నేల రేకునూ, చాసిస్ నంబర్‌నూ, తలుపులు తెరిచి రెండు వైపులా హీటర్ చానళ్ళనూ, బండి కింద నుంచి ముందు బీమ్‌నూ వెలుతురులో ఫొటోలు తీసి పంపండి. జాకీ మాత్రమే పెట్టి కిందికి దూరొద్దు, స్టాండ్లు వేసుకోండి. చానళ్ళు గట్టిగా ఉన్నాయా, ఎక్కడెక్కడ ప్యాచ్ పడుతుంది, లేక ఒక పక్క మొత్తం మార్చాలా అన్నది ఆ ఫొటోలు చూసి చెప్తాను. అప్పటిదాకా పెయింటర్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.